మెక్‌గవర్న్ నిజంగా బాంబర్ నడిపాడా? ఒక రిటైర్డ్ ఫిట్టర్ జవాబు

మీరడిగింది ఇదీ. 1972 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ మీద పోటీచేసి చిత్తుగా ఓడిపోయిన జార్జ్ మెక్‌గవర్న్, అదే వియత్నాం యుద్ధం ఆపండి ఆపండి అని గొంతు చించుకున్నాయన, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలట్ అని ఎక్కడో చదివారు. అది నిజమేనా, 35 మిషన్లు అంటే అంత గొప్పా, పై నుంచి బాంబులు పడేసి రావడమే కదా అన్నారు. మీ ఫ్రెండ్ ఎవరో "పిరికోడు కాబట్టే శాంతి అన్నాడు" అన్నాడని కూడా రాశారు.

నిజమేనండీ. 35 మిషన్లూ నిజమే. కానీ "పడేసి రావడమే కదా" అన్నారు చూడండి, అందులో "పడేసి" అన్నది పది నిమిషాల పని, "రావడం" అన్నదే అసలు పని. ఆ రావడం గురించే రాస్తాను, ఎందుకంటే నాకు తెలిసింది అదే.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈయనెవరు మాకు చెప్పడానికి అనుకుంటారు. నేను పైలట్‌ని కాదు. 1973లో మన ఎయిర్‌ఫోర్స్‌లో చేరాను, ఇంజన్ ఫిట్టర్‌ని, ఎక్కువ కాలం ప్యాకెట్ విమానాల మీద చేశాను, అవి జెట్లు కాదు పిస్టన్ ఇంజన్లు, ఆయిలు కారడం, ప్లగ్గులు మార్చడం, చేతులకి నలుపు వదలకపోవడం, అదీ మా బతుకు. నాకు పని నేర్పిన సార్జెంటు గారు అంతకుముందు లిబరేటర్ల మీద చేసినాయన. మెక్‌గవర్న్ నడిపింది కూడా లిబరేటరే, బీ-24 అనే అమెరికన్ బాంబర్. మన దేశంలో లిబరేటర్లు ఎక్కడివి అంటారేమో. యుద్ధం అయిపోయాక బ్రిటిష్ వాళ్ళ దగ్గరున్న అమెరికన్ విమానాలు ఒప్పందం ప్రకారం తిరిగి ఇచ్చెయ్యాలి, లేదా డబ్బు కట్టాలి, లేదా పాడుచెయ్యాలి. కాన్పూర్‌లో ఉన్నవాటిని మళ్ళీ ఎగరకుండా చెడగొట్టి వదిలేసి వెళ్ళారు. మన విమానాల కంపెనీ హెచ్ఏఎల్ వాళ్ళు ఆ తుక్కులోంచి ఏరి, దీని రెక్క దానికి, దాని ఇంజను దీనికి బిగించి దాదాపు 40 విమానాలని మళ్ళీ ఎగరేశారు. 1948 నవంబర్‌లో 5వ స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది. 1968 చివర్లో గానీ అవి రిటైర్ కాలేదు. అంటే అమెరికావాళ్ళు ఎప్పుడో పక్కన పడేసిన బండిని మనవాళ్ళు ఇంకో ఇరవై ఏళ్ళు తోలారు. మనకి ఇదేం కొత్త కాదు లెండి.

సార్జెంటు గారు లిబరేటర్ గురించి ఒకటే మాట అనేవారు, "అది విమానం కాదురా, ఎగిరే గోడౌను" అని. పొడుగాటి సన్నటి రెక్క, ఒక చివర్నుంచి ఇంకో చివరికి 110 అడుగులు, నాలుగు ఇంజన్లు, ఒక్కోటి 14 సిలిండర్లు, 1200 హార్స్‌పవర్. బాంబ్ బే తలుపులు మన షాపు షట్టర్లలా పక్కకి చుట్టుకుంటాయి. లోపల ముందు నుంచి వెనక్కి పోవాలంటే ఆ బాంబుల మధ్యలో జానెడు వెడల్పు పట్టీ ఒకటి ఉంటుంది, దాని మీద నడవాలి, ప్యారాచూట్ కట్టుకుంటే పట్టదు. కంట్రోల్స్‌కి పవర్ స్టీరింగ్ లాంటిదేం లేదు, మొత్తం మనిషి కండబలమే. క్యాబిన్‌లో ప్రెజర్ ఉండదు, ఇరవై వేల అడుగుల పైన ఆక్సిజన్ మాస్కు, మైనస్ 40 చలి, కరెంటుతో వేడెక్కే సూటు, గ్లౌజు తీసి ఇనుముకి చెయ్యి తగిలిస్తే చర్మం అక్కడే ఉండిపోతుంది. ఆ అవస్థలో ఏడెనిమిది గంటలు, పక్క విమానం రెక్కకి దగ్గరగా, ఫార్మేషన్ చెదరకుండా. ఇవేవీ శత్రువు చేసేవి కావు, ఇదంతా మామూలు రోజు సంగతి.

ఇక మెక్‌గవర్న్. 1922లో సౌత్ డకోటాలో పుట్టాడు, నాన్న చర్చిలో పాస్టర్. స్కూల్లో జిమ్నాస్టిక్స్ గుర్రం మీంచి దూకనన్నాడని టీచర్ పిరికోడివిరా నువ్వు అని మొహం మీదే అన్నాడట. (మీ ఫ్రెండ్ కంటే ముందే ఒకాయన అనేశాడన్నమాట.) ఆ మాట మనసులో పెట్టుకునే కాలేజీలో విమానం నేర్చుకున్నాడు, మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు ప్రాణాలు పోయినంత భయపడ్డానని తనే చెప్పుకున్నాడు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ వాళ్ళు బాంబులు వేశాక, 1942 జనవరిలో కాలేజీ కుర్రాళ్ళు పది మంది కలిసి ఒమాహా వెళ్ళి పేర్లిచ్చి వచ్చారు. పేరయితే రాసుకున్నారు గానీ ట్రైనింగ్ ఇవ్వడానికి చోటు లేదు, ఏడాది పైన ఆగి 1943లో పిలిచారు. ట్రైనింగ్ మధ్యలోనే ఎలినార్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ పేరు మీదే తన విమానానికి డకోటా క్వీన్ అని పేరు పెట్టుకున్నాడు. 1944లో ఇంకా యుద్ధానికి వెళ్ళకముందే నాన్న పోయాడు.

ఇటలీలో చెరిన్యోలా అని ఊరు, దాని దగ్గర ఆలివ్ తోటల మధ్య శాన్ జొవాన్ని ఎయిర్‌ఫీల్డ్, 15వ ఎయిర్‌ఫోర్స్, 455వ బాంబ్ గ్రూప్, 741వ స్క్వాడ్రన్. 1944 నవంబర్‌లో మొదటి మిషన్. మొదటి అయిదూ వేరే పైలట్ పక్కన కోపైలట్‌గా కూర్చోవాలి, అది రూలు. మన లారీల మీద క్లీనర్‌గా తిరిగాకే స్టీరింగ్ ఇచ్చినట్టు. ఆ తర్వాత సొంత క్రూ, మొత్తం పది మంది, అందరి ప్రాణం ఈయన చేతిలో. వయసెంత? 22.

డిసెంబర్ మూడో వారం చూడండి, నాకు ఎప్పుడు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది.

15వ తేదీ ఆస్ట్రియాలో లింజ్. కెప్టెన్‌గా రెండో ట్రిప్పు. కింద నుంచి కొట్టిన ఫిరంగి గుండు ముక్క ఒకటి ముందు అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చింది, తలకి కొన్ని అంగుళాల పక్కగా పోయింది. 16న చెక్ ప్రాంతంలో బ్రూక్స్ అనే ఊరి మీదికి, దారంతా మబ్బు, ఏమీ కనపడదు, అందులోనే ఫార్మేషన్ కట్టాలి, ఇంకో లిబరేటర్‌ని గుద్దెయ్యబోయి తప్పాడు. 17న టేకాఫ్‌లో టైరు పేలింది.

ఇక్కడ కాస్త ఆగాలి. టైరు పేలితే ఏమవుతుంది, స్టెప్నీ వేసుకుంటాం కదా అనుకోకండి. నిండా పెట్రోలు, నిండా బాంబులు, దాదాపు 30 టన్నుల బరువు, రన్‌వే చివరికి వస్తోంది, స్పీడు ఇంకా చాలీచాలదు. ఇప్పుడు బ్రేకు వేస్తే పేలిన వైపుకి లాగేసుకుని తిరగబడుతుంది, బాంబులతో సహా. వెయ్యకపోతే ఎగురుతుందో లేదో తెలీదు. ఆలోచించడానికి ఊపిరి పీల్చుకునేంత టైము కూడా ఉండదు. లాగి ఎగరేశాడు. సరే ఎగిరాడు, అప్పుడేం చెయ్యాలి? అడ్రియాటిక్ సముద్రం పక్కనే ఉంది, బాంబులు నీళ్ళలో పడేసి వెనక్కొచ్చి దిగినా ఎవడూ తప్పుపట్టడు. ఆయన అలా చెయ్యలేదు. చక్రం ఇప్పుడు దిగినా పేలిందే, సాయంత్రం దిగినా పేలిందే కదా అనుకున్నాడో ఏమో, జర్మనీ దాకా వెళ్ళి, పని చేసుకుని, అన్ని గంటలూ ఆ చక్రం సంగతి కడుపులో పెట్టుకుని వెనక్కొచ్చాడు. దిగేటప్పుడు మంచి చక్రం మీద ముందు ఆనించాలి, పేలినదాన్ని ఎంతసేపు నేలకి తగలకుండా పట్టుకుంటే అంత మంచిది, స్పీడు తగ్గేకొద్దీ రెక్క మాట వినదు, చివరికి అది కూడా ఆనక తప్పదు, ఆనగానే అటు వైపుకి ఈడ్చేస్తుంది, దాన్ని రెండో వైపు బ్రేకుతో, ఇంజన్లతో సరిచెయ్యాలి. విమానానికి అంతకుమించి దెబ్బ తగలకుండా దించాడు. నేను టైరు మార్చిన విమానాలకి లెక్కలేదు, దాంతో దిగడం ఏంటో మాత్రం రన్‌వే పక్కన జీపులో కూర్చుని చూసినవాడికే తెలుస్తుంది, ఆ కొన్ని సెకన్లు జీపులో ఎవడూ మాట్లాడడు.

మూడ్రోజులాగి 20న చెక్ ప్రాంతంలోనే పిల్సెన్, స్కోడా ఫ్యాక్టరీ. ఇప్పుడు కార్లు అమ్ముతున్న స్కోడా పేరే, అప్పట్లో ఫిరంగులు చేసేవాళ్ళు. ఒక ఇంజను ఆగిపోయింది, ఇంకోటి ఫిరంగి దెబ్బకి మండుతోంది. నా డిపార్ట్‌మెంట్ కాబట్టి చెప్తాను. పిస్టన్ ఇంజను ఆగితే అది పని చెయ్యకపోవడం ఒక్కటే కాదు సమస్య, ముందు ప్రొపెల్లర్ ఉంది చూశారూ, అది గాలికి గిర్రున తిరుగుతూనే ఉంటుంది, రెక్కకి తలుపు అడ్డం పెట్టినట్టు విమానాన్ని వెనక్కి గుంజుతుంది. అందుకే దాని రెక్కల్ని గాలికి వాటంగా తిప్పెయ్యాలి, ఫెదర్ చెయ్యడం అంటాం, దానికో బటను ఉంటుంది. ఆ తిప్పడం ఆయిల్ ప్రెజర్‌తో జరుగుతుంది. ఆయిలే కారిపోతే? బటను నొక్కినా తిరగదు. అందుకే ఇంజన్ ఫిట్టర్‌కి ఆయిల్ మీటరు ముల్లు కిందికి జారుతుంటే గుండె జారినట్టే ఉంటుంది. ఆపైన మంట. రెక్క నిండా పెట్రోలు.

ఇటలీ దాకా రాదని తేలిపోయింది. యుగోస్లావియా ఒడ్డు పక్కన విస్ అని చిన్న ద్వీపం, జర్మన్లతో పోరాడుతున్న టిటో గెరిల్లాల (పార్టిజాన్ల) చేతిలో ఉంది, బ్రిటిష్ వాళ్ళు అక్కడ ఫైటర్ల కోసం పొట్టి రన్‌వే ఒకటి వేసుకున్నారు. నాలుగింజన్ల బాంబర్లకి అది చాలదు. దెబ్బతిని అక్కడ దిగబోయి చచ్చిపోయిన క్రూలు చాలానే ఉన్నాయి. ఒక్కటే ఛాన్సు, రన్‌వే దాటిపోతే మళ్ళీ పైకి లేచి చుట్టూ తిరిగి రావడానికి ఇంజన్లు లేవు. మొదటి అడుగులోనే చక్రాలు ఆనించి, ఇద్దరు పైలట్లూ బ్రేకుల మీద లేచి నిలబడినంత పని చేస్తేనే ఆగేది. ఆగింది. పది మందీ దిగారు. దానికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే పతకం ఇచ్చారు. ఇది ఆరు రోజుల కథ, 15 నుంచి 20 దాకా. తర్వాత ఇంకా నాలుగు నెలలుంది.

టార్గెట్ మీద ఏం జరుగుతుందో కూడా ఒక మాట. చివరి కొన్ని నిమిషాలు విమానం పైలట్ చేతిలో కూడా ఉండదు, బాంబు గురిచూసే పరికరాన్ని ఆటోపైలట్‌కి కలిపేస్తారు, ముందు ముక్కులో కూర్చున్న బొంబార్డియరే నడుపుతాడు. అటూ ఇటూ తిప్పడానికి లేదు, ఎత్తు మార్చడానికి లేదు. కింద 88 ఎంఎం ఫిరంగులవాళ్ళకి కూడా ఆ సంగతి తెలుసు. పైలట్ చెయ్యగలిగింది మీటర్లు చూస్తూ కూర్చోవడమే. ధైర్యం అంటే సినిమాల్లో చూపించేది వేరు, ఇది ఏదో ఆపరేషన్ టేబుల్ మీద కదలకుండా పడుకోవడం లాంటిది.

శీతాకాలం వాన, మబ్బు వల్ల చాలా రోజులు మిషన్లు ఉండేవి కావు. మిగతావాళ్ళు పేకాడుతుంటే ఈయన చరిత్ర పుస్తకాలు చదువుతూ అసలీ యుద్ధం ఎందుకొచ్చిందో అని వాదించుకునేవాడట, బతికి బయటపడితే హిస్టరీ ప్రొఫెసర్ అవుతా అని అక్కడే అనుకున్నాడు, అయ్యాడు కూడా. ఆయన క్రూలో నావిగేటర్, బాగా దగ్గరివాడు, ఒకరోజు వేరే క్రూతో వెళ్ళి తిరిగి రాలేదు.

1945 మార్చి 14. ఇది మాత్రం ఆయన్ని దశాబ్దాల పాటు వదల్లేదు. టార్గెట్ మీద బాంబులన్నీ పడ్డాయి గానీ ఒకటి ర్యాకులో ఇరుక్కుపోయింది. దాంతో ల్యాండ్ అవ్వకూడదు, దిగేటప్పటి కుదుపుకి ఊడి పేలిందంటే అంతే. కాబట్టి మనిషి వెళ్ళి ఆ జానెడు పట్టీ మీద నిలబడి, కింద షట్టర్లు తెరిచి ఉండగా, చలిలో, దాన్ని కదిలించి వదిలించాలి. వదిలించారు. అది ఆస్ట్రియాలో ఒక పల్లెటూరి పొలం మీద పడింది, తిన్నగా రైతు ఇంటి మీద. పై నుంచి చూస్తుండగానే ఇల్లు లేదు. మెక్‌గవర్న్ వాచీ చూసుకున్నాడు, మధ్యాహ్నం, భోజనాల వేళ. ఆయన వ్యవసాయం చేసేవాళ్ళ ఊళ్ళో పెరిగినవాడు, ఆ టైముకి రైతు పెళ్ళాం పిల్లలతో బల్ల ముందు కూర్చుని ఉంటాడని ఆయనకి ఒకరు చెప్పాలా. బేస్‌కి వచ్చి దిగగానే ఒక కబురు చేతికిచ్చారు, నాలుగు రోజుల కింద కూతురు పుట్టింది అని. మొదటి బిడ్డ. అది చదివి సంతోషపడాలో ఏం చెయ్యాలో.

చివరిది, 35వది, ఏప్రిల్ 25, మళ్ళీ లింజ్. యుద్ధం ఇంకో రెండు వారాల్లో ముగుస్తుంది, కానీ లింజ్ ఫిరంగులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. డకోటా క్వీన్‌కి 110 చిల్లులు పడ్డాయి. పక్క కిటికీ దగ్గరుండే గన్నర్‌కి గాయం. ఫ్లైట్ ఇంజనీర్ ఎంత బెదిరిపోయాడంటే తర్వాత ఆస్పత్రిలో పెట్టాల్సొచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి, అంటే చక్రాలు వాటంతట అవి దిగవు, బ్రేకులు పనిచెయ్యవు. చక్రాలు చేత్తో దింపుకున్నారు. బ్రేకుల సంగతి? ప్యారాచూట్లు తీసి వెనకాల రెండు పక్క కిటికీల దగ్గర కట్టేసి, నేల తాకగానే తెరిచారు, గాలికి అవి విచ్చుకుని విమానాన్ని వెనక్కి లాగాయి. ఇప్పుడు ఫైటర్ జెట్లకి తోకలో ప్యారాచూట్ పెట్టి ఫ్యాక్టరీ నుంచే ఇస్తున్నారు, వీళ్ళు దాన్ని దెబ్బతిన్న విమానంలో గాల్లోనే కట్టుకున్నారు. మా సార్జెంటు గారికి ఈ కథ తెలిసుంటే ఎంత సంబరపడేవారో, ఆయనకి ఇలాంటి జుగాడ్ అంటే ప్రాణం.

అయిపోయాక వెంటనే ఇంటికి పంపలేదు. మే, జూన్ నెలల్లో అవే బాంబర్లలో ఉత్తర ఇటలీకి తిండి సామాను మోశారు. జులైలో ఫస్ట్ లెఫ్టినెంట్‌గా బయటికొచ్చాడు.

ఇక మీ ఫ్రెండ్ మాటకొస్తాను. 1972లో ఈ కథంతా చేతిలో ఉండి కూడా ప్రచారంలో ఆయన దీన్ని పెద్దగా వాడుకోలేదు. గొప్పలు చెప్పుకోవడం ఆయనకి చేతకాలేదు. అటు నిక్సన్ కూడా నేవీలో చేశాడు, పసిఫిక్‌లో సరుకుల రవాణా చూసే పని, అదీ కావాల్సిన పనే, నేను కూడా వెనకుండి స్పానర్ తిప్పినవాడినే కాబట్టి చిన్నచూపు చూడను. కానీ జనంలో ఎవరు గట్టివాడు, ఎవరు మెత్తవాడు అని పడ్డ ముద్ర మాత్రం తలకిందులు. 50 రాష్ట్రాల్లో 49 పోయాయి, మిగిలింది మసాచుసెట్స్ ఒక్కటే, రాజధాని వాషింగ్టన్‌తో కలిపి. అంతకు రెండేళ్ళ ముందు, 1970 సెప్టెంబర్‌లో, సెనేట్‌లో లేచి ఈ సభ రక్తం కంపు కొడుతోంది అన్నాడు, కుర్రాళ్ళని చావుకి పంపడంలో ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కడికీ వాటా ఉందని. తోటి సెనేటర్లకి ఆ మాట మింగుడుపడలేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ మాట అనే అర్హత ఆ హాల్లో అతి కొద్దిమందికి ఉంటుంది, అందులో ఈయనొకడు. హిట్లర్ మీద యుద్ధం తప్పని ఆయన ఎప్పుడూ అనలేదు, ఆ 35 మిషన్లకి సిగ్గుపడనూ లేదు. వియత్నాంది వేరే లెక్క అన్నాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయి అని అడిగేవాళ్ళు యూనిఫాం వేసుకున్నవాళ్ళతో ఒక్క సాయంత్రం కూర్చుని టీ తాగి చూడండి.

అన్నట్టు మనకీ ఆయనకీ ఒక చుట్టరికం ఉంది. 1961లో కెన్నెడీ ఈయన్ని ఫుడ్ ఫర్ పీస్ అనే పథకానికి డైరెక్టర్‌గా వేశాడు, అంటే అమెరికా నుంచి మనకొచ్చిన పీఎల్-480 గోధుమలు. మా వయసువాళ్ళకి గుర్తుంటుంది, బళ్ళో మధ్యాహ్నం గోధుమ నూక ఉప్మా, పాలపొడి కలిపిన పాలు. ఆ పాలు నాకు అస్సలు పడేవి కావు, ఉప్మాకి మాత్రం రెండోసారి లైన్లో నిలబడేవాణ్ణి. విదేశాల్లో బడిపిల్లలకి భోజనం పెట్టే పని మీద ఆయనకి శ్రద్ధ ఎక్కువ, చివరిదాకా దాని కోసమే తిరిగాడు, 2012లో పోయేదాకా.

ఆ రైతు ఇంటి సంగతి మిగిలిపోయింది. దాదాపు 40 ఏళ్ళ తర్వాత ఆయన ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్తే అక్కడి టీవీవాళ్ళు యుద్ధం గురించి అడిగారు, అప్పుడు ఇదంతా చెప్పేశాడు, ఇన్నాళ్ళూ మోస్తున్నానని. అది చూసి ఒక ముసలి రైతు ఫోన్ చేశాడు, ఆ ఇల్లు మాదే అని. విమానం రావడం చూసి భార్యాపిల్లల్ని తీసుకుని గుంటలో దాక్కున్నాం, ఎవ్వరికీ ఏమీ కాలేదు, హిట్లర్ పీడ ఒక్క నిమిషం ముందు వదిలినా ఆ ఇల్లు పోతే పోయిందిలే అన్నాడట.

ఇంకొకటి కూడా అడిగారు కదా, లిబరేటర్‌ని ఇప్పుడు చూడగలమా అని. ప్రపంచంలో మిగిలిన కొద్దిపాటి వాటిలో కొన్ని మన కాన్పూర్ తుక్కులోంచి లేచినవే, లండన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్నదీ, అమెరికాలో టుసాన్‌లో ఉన్నదీ ఇక్కణ్ణించి వెళ్ళినవే. ఒకటి ఢిల్లీలో పాలం ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. వెళ్తే రెక్క పొడవు చూసి ఫోటో తీసుకుని వచ్చెయ్యకండి, కిందికి వంగి ఆ ప్రధాన చక్రం ఎంత ఉందో చూడండి, ఒక వైపుకి ఒక్కటే ఉంటుంది.